అనుబంధ రీతులు

అత్యంత ఆప్తుల దగ్గర మనిషి భద్రతను ఎలా వెతుక్కుంటాడో, వాళ్లు దూరమైతే ఎలా తట్టుకుంటాడో తెలిపే తీరులను మనస్తత్వశాస్త్రంలో అనుబంధ రీతులు అంటారు. ఈ ఆలోచనకు పునాది వేసింది బ్రిటిష్ మనోవైద్యులు జాన్ బౌల్బీ (1907–1990). పాలు ఇస్తుంది కాబట్టే బిడ్డ తల్లిని అంటిపెట్టుకుంటుందన్న అప్పటి అభిప్రాయాన్ని ఆయన ఒప్పుకోలేదు. కాపాడే మనిషి చెంతనే ఉండాలన్న తపన, ఆకలిలాగే పుట్టుకతో వస్తుందన్నారు.

అందుకు ఆధారాలు కూడగట్టినవారు మేరీ ఐన్స్‌వర్త్ (1913–1999). 1950లలో ఉగాండా పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి తల్లీబిడ్డలను గమనించారు. తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో ఒక పరీక్ష రూపొందించారు. బొమ్మలున్న గదిలో తల్లీ, ఏడాది బిడ్డా ఉంటారు. ఒక కొత్త మనిషి వస్తుంది. తల్లి కాసేపు బయటికి వెళ్లి తిరిగొస్తుంది, ఇలా రెండుసార్లు. అంతా కలిపి సుమారు 20 నిమిషాలు. అసలు చూడవలసింది తల్లి తిరిగొచ్చిన ఆ క్షణాలను. సురక్షిత రీతి బిడ్డ చేతులు చాపి ఒళ్లో చేరుతుంది, కుదుటపడి మళ్లీ బొమ్మల దగ్గరికి పోతుంది. ఆందోళన రీతి బిడ్డ ఎత్తుకోమని ఏడుస్తుంది, ఎత్తుకుంటే పెనుగులాడుతుంది. ఎడం పాటించే బిడ్డ తల్లిని చూడనట్టే ఆడుకుంటుంది. పేచీ పెట్టదని పెద్దలు మెచ్చుకునేది ఈ బిడ్డనే. గుండె వేగం కొలిస్తే మాత్రం లోపలి కలవరం బయటపడింది. బెదురు, తికమక కనిపించే నాలుగో రీతిని మేరీ మెయిన్, జుడిత్ సాలమన్ 1980లలో గుర్తించారు.

పెద్దల ప్రేమబంధాలకూ ఈ చట్రాన్ని 1987లో సిండీ హేజన్, ఫిలిప్ షేవర్ వర్తింపజేశారు. జవాబు ఆలస్యమైతే వదిలేస్తారేమోనని ఒకరు అల్లాడిపోతారు. దగ్గరితనం పెరిగేకొద్దీ ఇంకొకరికి ఊపిరాడదు. ఈ రీతులను జాతకంలా చూడటం తప్పు. ఒకే మనిషి తల్లితో ఒకలా, భార్యతో మరోలా ఉండొచ్చు. బౌల్బీ తొలి రచనలు భారమంతా తల్లి మీదే మోపాయన్న విమర్శా న్యాయమైనదే. తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మల దగ్గరా బిడ్డకు ఆ భరోసా దొరుకుతుంది.

కష్టాల బాల్యం గడిపినా పెద్దయ్యాక భద్రతను సంపాదించుకున్నవారు ఉన్నారు. నమ్మకమైన జీవిత భాగస్వామి, మంచి కౌన్సెలింగ్ అందుకు తోడ్పడతాయి. పొరపొచ్చాలు లేని జంట ఉండదు, కాబట్టి తిరిగి కలుపుకోవడమే ముఖ్యం. గొడవ ముదిరితే మాట్లాడకుండా వెళ్లిపోయేవారు "అరగంటలో వస్తాను" అని చెప్పి, అన్నట్టే రావాలి. కోపంతో నిలదీసేవారు "నువ్వు లేకపోతే భయమేసింది" అని ఉన్నమాట చెప్పాలి. ఇవి పదే పదే జరిగితేనే నమ్మకం కుదురుతుంది. కొట్టడం, బెదిరించడం ఉన్న బంధంలో మాత్రం ఈ సర్దుబాట్లు పనికిరావు. అక్కడ ముందు బాధితులకు రక్షణ కావాలి.