నీటిని నిలబెట్టిన గోడలు: పెద్ద అక్వేరియం చరిత్ర

విద్యార్థులారా! చేపలను పెంచడం మనిషికి చాలా పాత అలవాటు. కాని చేపను పక్కనుంచి చూడటం కొత్త అలవాటు. చెరువులోనైనా, గుడి కోనేటిలోనైనా మనకు కనిపించేది చేప వీపు మాత్రమే. దాని కన్ను, మొప్ప, రెక్కల కదలిక చూడాలంటే నీటికి పారదర్శకమైన గోడ ఉండాలి. ఆ గోడను దేనితో కట్టాలి? ఈ ప్రశ్నకు నూట డెబ్భై ఏళ్లకు పైగా మనుషులు చెప్పుకొంటూ వచ్చిన జవాబులే ఈ పాఠం.

ఒక ఉదాహరణతో మొదలుపెడదాం. ఖరగ్‌పూర్‌లోని ఝపటాపూర్‌లో ఒక తెలుగు కుటుంబం ఉందనుకోండి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉత్తర కోస్తా నుంచి పని కోసం వచ్చి అక్కడే స్థిరపడిన వాళ్లు. కలకత్తా గాలిఫ్ స్ట్రీట్ ఆదివారం సంతలో రంగు చేపలు కొని తెచ్చే పిల్లలకు ఒక పెద్ద అక్వేరియం కట్టాలన్న కోరిక కలిగింది. పొడవు 2.4 మీటర్లు, వెడల్పు 0.9 మీటరు, లోతు 0.75 మీటరు. ఇందులో పట్టే నీరు 1,620 లీటర్లు. ఒక లీటరు నీరు ఒక కిలో కాబట్టి నీటి బరువే 1,620 కిలోలు. అంటే అడుగున చదరపు మీటరుకు 750 కిలోలు. మన దేశంలో నివాస గృహాల గదులకు ఇంజనీర్లు సాధారణంగా లెక్కలోకి తీసుకునే భారం చదరపు మీటరుకు 200 కిలోలే! ఇసుక, రాళ్లు, గాజు బరువు ఇంకా కలపనే లేదు. కాబట్టి గాజు కొనడానికి ముందే ఇంటి నేలను గురించి ఆలోచించాలి. మేడ మీద గది అయితే ఇంజనీరును అడగకుండా ముందుకు పోకూడదు.

ఇక చరిత్రలోకి వెళదాం. ఇంగ్లండులో 1845లో గాజు మీద పన్ను రద్దయింది. గాజు చౌకైంది. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త సుమారు 55 లీటర్ల పాత్రలో రెండు బంగారు చేపలను, నీటి మొక్కలను, నత్తలను కలిపి పెంచి ఆ ఫలితాలను కెమికల్ సొసైటీకి వివరించాడు. మొక్కలు ఆమ్లజనిని ఇస్తాయి, నత్తలు కుళ్లిన ఆకులను తింటాయి, చేపలు బతుకుతాయి. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ గాస్ రాసిన పుస్తకంతో అక్వేరియం అన్న మాట ఇంటింటికీ చేరింది.

ఆనాటి తొట్ల అడుగు పలకరాయి, చట్రం పోత ఇనుము, ముందు గోడ గాజు. ఈ మూడింటినీ కలిపేది అవిసె నూనెతో చేసిన లప్పం. ఇక్కడే చిక్కు వచ్చింది. లప్పం ఎండి గట్టిపడి, తొట్టిని కొంచెం కదిపితే పగిలేది. అందులో సీసపు సమ్మేళనాలు కలిస్తే చేపలకు విషం. ఉప్పు నీటిలో ఇనుము తుప్పు పట్టేది. గాజు కన్నా అతుకే బలహీనమని అప్పుడే తెలిసింది.

మన దేశానికి వస్తే, 1909లో మద్రాసు మెరీనా తీరాన అక్వేరియం ప్రారంభమైంది. కోస్తా ఆంధ్ర అప్పట్లో ఆ రాష్ట్రంలోదే. స్వాతంత్ర్యం తరువాత 1951లో బొంబాయిలో తారాపోర్‌వాలా అక్వేరియం వచ్చింది.

ఇరవయ్యో శతాబ్దం మూడు కొత్త వస్తువులను ఇచ్చింది. మొదటిది ఆక్రిలిక్. 1930లలో మార్కెట్లోకి వచ్చిన ఈ ప్లాస్టిక్‌ను రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కిటికీలకు వాడారు. రెండోది ఫ్లోట్ గాజు. కరిగిన తగరం మీద కరిగిన గాజును తేలించి, రెండు పక్కలా సమతలంగా ఉండే పలకను తయారుచేసే ఈ పద్ధతిని 1959లో పిల్కింగ్టన్ సంస్థ ప్రకటించింది. మూడోది సిలికోన్ జిగురు. ఇది గాజును గట్టిగా పట్టుకుంటుంది, రబ్బరులా సాగుతుంది. 1960ల నుంచి ఇనుప చట్రం లేకుండా కేవలం గాజుతోనే తొట్లు కట్టడం దీనివల్లే సాధ్యమైంది.

మరి మన ఝపటాపూర్ కుటుంబం ఏది ఎంచుకోవాలి? గాజు సులువుగా గీతలు పడదు, త్వరగా వంగదు. కాని బరువెక్కువ. దాని అంచున ఉన్న చిన్న గాటు కూడా ఎడతెగని ఒత్తిడి కింద నెమ్మదిగా పెరుగుతుంది. ఇవాళ నిలబడిన గోడ రేపూ నిలబడుతుందన్న హామీ లేదు. అందుకే లెక్కకు వచ్చిన మందం కన్నా ఎక్కువ వాడతారు. టెంపర్డ్ గాజు బలమైనదే, కాని తయారయ్యాక దానికి రంధ్రం వేయలేం. పగిలితే ఒక్కసారిగా ముక్కలవుతుంది. ఆక్రిలిక్ బరువు గాజు బరువులో సగం కన్నా తక్కువ. కాని సులువుగా గీతలు పడుతుంది, గాజు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ వంగుతుంది. మామూలు సిలికోన్ దానికి సరిగా అతుక్కోదు. మూడు పక్కలా ప్లైవుడ్ పెట్టి, లోపల ఎపాక్సీ పూసి, ముందు మాత్రం గాజు బిగించడం చౌకైన దారి. సిమెంటు తొట్టి అయితే సున్నం నీటిలోకి దిగి క్షారగుణం పెంచుతుంది కాబట్టి దానికీ పూత తప్పదు. బాత్‌రూముల కోసం అమ్మే, బూజును చంపే మందు కలిపిన సిలికోన్ వద్దు. రాగి, ఇత్తడి, జింకు పూత ఉన్న ఇనుము నీటికి తగలకూడదు.

పెద్ద పెద్ద సంస్థలు కూడా ఈ నియమాలకు అతీతం కావు. జపాన్‌లోని ఒకినావా అక్వేరియంలో 2002లో బిగించిన ఆక్రిలిక్ కిటికీ మందం 60 సెంటీమీటర్లు. బెర్లిన్‌లోని ఒక హోటల్‌లో ఉన్న ఆక్వాడోమ్ అనే ఆక్రిలిక్ స్తంభాకార తొట్టి 2022 డిసెంబరు 16 తెల్లవారుజామున పగిలిపోయింది. దాదాపు పది లక్షల లీటర్ల నీరు బయటికి వచ్చింది. సుమారు 1,500 చేపల్లో చాలా భాగం చనిపోయాయి. అది పగటిపూట జరిగి ఉంటే ఏమయ్యేదో ఊహించండి.

చివరగా ఒక లెక్క. ఒక గోడ మీద నీరు చూపే మొత్తం బలం లోతు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. మన తొట్టి ముందు గోడ మీద ఆ బలం సుమారు 675 కిలోల బరువుతో సమానం. లోతు 60 సెంటీమీటర్లకు తగ్గిస్తే ఎంతవుతుంది? 432 కిలోలు. నీరు తగ్గింది ఐదో వంతు, గోడ మీది బలం తగ్గింది మూడో వంతు కన్నా ఎక్కువ. పిల్లలు చేపలను చూడటానికి 60 సెంటీమీటర్ల లోతు చాలు. అందుచేత విద్యార్థులారా, ముందు నేల, తరువాత లోతు, ఆపైన గోడ, చివరికి అతుకు. ఈ క్రమంలో ఆలోచించాలి. లోతు 1.5 మీటర్లయితే అదే గోడ మీద బలం ఎంతో మీరే లెక్కకట్టి చూడండి.