గాలిపటం, బడి, ఉపగ్రహం: ఆచార్య యశ్‌పాల్ విజ్ఞాన బోధనా కృషి

హైదరాబాదు పాతబస్తీలో పురానాపూల్‌కు సమీపాన ధూల్‌పేట ఉన్నది. వినాయక విగ్రహాలకు, సంక్రాంతి గాలిపటాలకు ఈ పేట పేరు పొందినది. పలుచని కాగితం, రెండు వెదురు పుల్లలు, కాస్త జిగురు ఉంటే పటం తయారవుతుంది. పుల్లలలో ఒకటి వెన్నెముకవలె నిటారుగా ఉంటుంది. రెండవది విల్లువలె వంగి ఉంటుంది. పందెపు పటానికి పొడవాటి తోక ఉండదు. అయినను అది గాలిలో నిలుచుట ఎట్లు?

దారం బిగించి లాగినప్పుడు గాలి ఒత్తిడికి విల్లుపుల్ల వెనుకకు వంగును. పటం రెండు ప్రక్కలు రెక్కలవలె కొంచెం వెనుకకు వాలును. పటం ఒక ప్రక్కకు ఒరిగినచో ఆ ప్రక్క రెక్క గాలికి ఎక్కువగా ఎదురై, పటాన్ని తిరిగి సరిచేయును. దారం వదులు చేయగానే పుల్ల తిన్ననై, పటం చదునై, గిరగిర తిరుగును. తిరుగుచున్న పటం ముక్కు తనకు కావలసిన దిక్కుకు వచ్చిన క్షణాన ఆటగాడు దారం లాగును. పటం ఆ దిక్కునకే దూసుకొని పోవును. మాంజా పట్టిన పదేళ్ల కుర్రవాని వేళ్లకు ఇదంతా తెలుసు. ఆ కుర్రవాడే బడిలో బలం, కోణం, స్థిరత్వం అను మాటలు చదివినప్పుడు అవి తన పటానికి సంబంధించినవని తోచకపోవచ్చును. ఈ రెండింటిని కలుపవలసినవాడు ఉపాధ్యాయుడు. అయితే ఆ కలుపు విద్యను ఉపాధ్యాయునికి నేర్పువారెవరు?

ఈ ప్రశ్నను జీవితాంతం విడువని శాస్త్రజ్ఞులలో ఆచార్య యశ్‌పాల్ ఒకరు. ఆయన వృత్తిచేత ఉపాధ్యాయ శిక్షకుడు కాడు, భౌతికశాస్త్రవేత్త. 1926లో, ఇప్పుడు పాకిస్తానులో ఉన్న ఝంగ్ పట్టణంలో జన్మించినారు. 1949లో పంజాబ్ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్‌సి. పూర్తిచేసి, బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో విశ్వకిరణాలపై పరిశోధన చేసినారు. 1958లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ నుండి డాక్టరేటు పొందినారు. అంతటితో ఆగి ఉంటే ఆయన పేరు భౌతికశాస్త్ర పత్రికలలోనే మిగిలి ఉండేది.

1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలలలో ఒక ప్రయోగం మొదలైనది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అను రెండు స్వచ్ఛంద సంస్థలు రాష్ట్ర ప్రభుత్వపు అనుమతితో దీనిని చేపట్టినవి. పిల్లలు సూత్రాలు వల్లించుటకు బదులు స్వయంగా ప్రయోగాలు చేసి, పరిశీలించినది వ్రాసుకొని, తమలో తాము చర్చించుకొని నిర్ణయానికి రావలెను. పరీక్షలో పుస్తకం తెరచి చూచుకొనవచ్చును. టాటా సంస్థ శాస్త్రజ్ఞులు ఈ పనికి తోడ్పడినారు. వారిలో యశ్‌పాల్ ప్రముఖులు. అచ్చట అసలు కష్టం పిల్లలతో కాదు. ఉపాధ్యాయుడు తన చదువులో ఎన్నడూ స్వయంగా ప్రయోగం చేసి ఎరుగడు. చేసినను, ఫలితం ముందుగా తెలిసిన ప్రయోగమే చేసినాడు. కనుక శిక్షణ శిబిరంలో అతనిని మొదట విద్యార్థిగా కూర్చుండబెట్టినారు. “నాకు తెలియదు, చూద్దాం” అని తరగతిలో అనగలుగుట ఉపాధ్యాయునికి ఎంత కష్టమో ఆ వృత్తిలో ఉన్నవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఆ కార్యక్రమం 1978లో జిల్లా అంతటికి, తరువాత సుమారు 1000 పాఠశాలలకు వ్యాపించి, 2002లో రాష్ట్ర ప్రభుత్వపు నిర్ణయంతో ఆగిపోయినది.

1973లో యశ్‌పాల్ అహమ్మదాబాదులోని అంతరిక్ష అనువర్తన కేంద్రానికి సంచాలకులైనారు. తెలుగు ఉపాధ్యాయులతో ఈ కథ ముడిపడినది ఇక్కడనే. 1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు ఏ.టి.ఎస్.-6 అను అమెరికా ఉపగ్రహాన్ని ఎరువు తెచ్చుకొని, 6 రాష్ట్రాలలోని సుమారు 2400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు పంపినారు. ఆ రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. గ్రామంలో సుమారు 3 మీటర్ల వ్యాసం గల, కోళ్ల గూటికి వాడు ఇనుప వలతో చేసిన గొడుగువంటి గ్రాహకం నిలిపి, భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహపు సంకేతాలను అందుకొన్నారు. ఉదయం గంటన్నర కాలం బడిపిల్లలది: తెలుగు, కన్నడం, ఒరియా, హిందీ భాషలలో ఒక్కొక్క దానికి 22½ నిమిషాలు.

బడులకు సెలవులున్నప్పుడు ఆ కాలాన్ని ఉపాధ్యాయులకు కేటాయించినారు. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుల కొరకు విజ్ఞానశాస్త్ర బోధనలో 12 రోజుల శిక్షణను రూపొందించినది. టెలివిజన్ పాఠానికి తోడు రేడియో పాఠం, అచ్చుపుస్తకం, చేతితో చేయు ప్రయోగం, సందేహాలు చర్చించుటకు దగ్గరనే ఒక మార్గదర్శకుడు ఉండిరి. రెండు విడతలుగా సుమారు 48 వేల మంది ఇట్లు శిక్షణ పొందినారు. మన దేశంలో అంతకుముందు ఏ శిక్షణ కళాశాలకును ఊహకైనా అందని సంఖ్య అది.

ఫలితాలను పరిశోధకులు కొలిచినారు. పిల్లల భాషాశక్తిలో పెంపు కనబడినది. కాని బడిలో చేరువారి సంఖ్యలోగాని, మధ్యలో మానివేయువారి సంఖ్యలోగాని చెప్పుకోదగిన మార్పు రాలేదు. ఏడాది గడువు తీరగానే ఉపగ్రహం వెనుకకు మరలినది. తెర మీద చూచిన ప్రయోగం మరుసటి నెల తరగతిలో చేయబోగా ఫలించకపోతే, ఎందుకు ఫలించలేదని అడుగుటకు గ్రామోపాధ్యాయునికి తోడెవరు? ఆకాశాన్నుండి వచ్చిన పాఠానికి నేలమీద ఒక మనిషి కావలసియున్నది. ఆ 12 రోజులలో మార్గదర్శకుని చేర్చినవారికి ఈ సంగతి తెలిసియే ఉండవలెను. అయితే ఆ మనిషి 12 రోజులకే పరిమితమైనాడు.

ఈ లోటును తీర్చుటకు ఆంధ్రప్రదేశ్‌లో తరువాత వేరొక యత్నం జరిగినది. 1984లో బ్రిటిష్ సహాయంతో చిన్న మేరకు మొదలైన ప్రాథమిక విద్యా పథకం 1989 నుండి రాష్ట్రమంతట వ్యాపించి 1996 వరకు నడిచినది. ఇది యశ్‌పాల్ పథకం కాదు. కాని ఇందులో సమీప పాఠశాలల ఉపాధ్యాయులు అప్పుడప్పుడు ఒక కేంద్రంలో కలిసి తమ అనుభవాలు చెప్పుకొను ఏర్పాటు ఉండినది. దాని ఆరు సూత్రాలలో ఒకటి పరిసరాలను పాఠంగా వాడుకొనుట. ధూల్‌పేటవంటి చోట ఆ సూత్రానికి వస్తువు వెతుకనక్కరలేదు: పటముంది, విగ్రహాల మట్టి ఉంది, నీట పోసిన కొద్ది నిమిషాలలో గట్టిపడి వేడెక్కు ప్లాస్టర్ ఉంది. ఆ వేడి ఎక్కడిదని ఒక్క పిల్లవాడు అడిగినచో రసాయనశాస్త్రపు తొలి పాఠం మొదలైనట్లే.

యశ్‌పాల్ 1986 నుండి 1991 వరకు విశ్వవిద్యాలయ నిధుల సంఘానికి అధ్యక్షులుగా ఉండిరి. 1986 జాతీయ విద్యావిధానాన్ని అనుసరించి, ఆ కాలంలోనే కళాశాల అధ్యాపకుల శిక్షణకై అకడమిక్ స్టాఫ్ కాలేజీలు వెలసినవి. ఉస్మానియా, హైదరాబాదు విశ్వవిద్యాలయాలలోను అట్టివి ఏర్పడినవి. కళాశాలలో చెప్పువానికి బోధనా శిక్షణ అక్కరలేదను పాత నమ్మకం అంతటితో కొంత సడలినది.

1992లో కేంద్ర ప్రభుత్వం బడిపిల్లల భారాన్ని గూర్చి విచారించుటకు యశ్‌పాల్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించినది. 1993 జులైలో వచ్చిన నివేదిక చిన్నదే, కాని దాని మాట సూటిగా తగిలినది. సంచీ బరువుకంటె, అర్థంకానిది మోయుట పెద్ద భారమని అది తేల్చినది. ఉపాధ్యాయ శిక్షణ చాలీచాలనిదగుట చేతనే చదువు నాణ్యత తగ్గుచున్నదని చెప్పి, తపాలా ద్వారా ఇచ్చు బి.ఎడ్. పట్టాల గుర్తింపు రద్దు చేయవలెనని కోరినది. ఈ సిఫారసు చాలామందికి నచ్చి ఉండదు. ఉద్యోగం చేసుకొనుచు చదువుకొను పేద ఉపాధ్యాయునికి తపాలా చదువే దారి అను వాదంలో నిజం లేకపోలేదు. కాని పిల్లల ముందు నిలుచు విద్యను ఉత్తరాలతో నేర్పవచ్చుననుట, ఉత్తరాలతో ఈత నేర్పవచ్చుననుట వంటిదే.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రాన్ని రూపొందించిన సంఘానికి కూడ ఆయనే అధ్యక్షులు. బడి బయట పిల్లవాడు ఎరిగిన దానిని బడిలోని జ్ఞానంతో కలుపవలెననుట ఆ చట్రంలో మొదటి సూత్రంగా నిలిచినది. యశ్‌పాల్ 2017 జులై 24న కన్నుమూసినారు. దూరదర్శన్‌లో ‘టర్నింగ్ పాయింట్’ కార్యక్రమానికి ప్రేక్షకులు పంపిన ప్రశ్నలకు ఆయన జవాబులు చెప్పెడివారు. వానిలో ఎన్నో ప్రశ్నలు పిల్లలు వ్రాసినవే.