హోంగ్ నది ఒడ్డున సోంగ్ ప్రభువు: ఒక పరాజయం, రెండు తీర్పులు

జౌ రాజుల సామంతుడైన సోంగ్ ప్రభువు శియాంగ్ (పాలన: క్రీ.పూ. 650–637) ప్రాచీన చైనా చరిత్రలో ఒక ఓటమి వల్లనే ప్రసిద్ధుడయ్యాడు. క్రీ.పూ. 638లో చూ సైన్యం హోంగ్ నదిని దాటుతుండగా మంత్రి తొందరపెట్టినా ఆయన దాడికి అంగీకరించలేదు. శత్రువు వ్యూహం తీర్చుకునేదాకా వేచి ఉన్నాడు. సోంగ్ సేన చెల్లాచెదురైంది. తొడకు తగిలిన గాయంతో ఆయన మరుసటి ఏడాది మరణించాడు.

గోంగ్‌యాంగ్ వ్యాఖ్యానం ఈ నియమనిష్ఠను శ్లాఘించగా, జువోజువాన్ యుద్ధమెరుగని తనంగా నిరసించింది. ఈ రెండు తీర్పులూ ఆయన ధర్మబుద్ధిని నిజమనే భావించాయి. నాకు అక్కడే సందేహం. క్రీ.పూ. 641లో తూర్పు తెగలను లొంగదీయడానికి జెంగ్ అనే చిన్న రాజ్యపు అధిపతిని ఈ ప్రభువే బలి ఇప్పించాడని చెబుతున్నది కూడా జువోజువానే. నెరసిన జుట్టు శత్రువును బంధించరాదన్న నియమం ఆ బలిపీఠం దగ్గర ఆయనకు అడ్డురాలేదు.