ప్యాకేజీ చెల్లింపులు – వృద్ధుల దీర్ఘవ్యాధులు: ఆరోగ్యశ్రీ చరిత్రలో ఒక పార్శ్వం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రజారోగ్య చరిత్రలో 2007 ఏప్రిల్ 1 ముఖ్యమైన తేదీ. ఆనాడు వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీని ప్రారంభించింది. అంతకుముందు గుండె శస్త్రచికిత్స వంటి ఖరీదైన వైద్యానికి పేదలు ముఖ్యమంత్రి సహాయనిధిని అర్థించవలసి వచ్చేది. తెల్ల రేషన్‌కార్డు గల కుటుంబానికి ఏడాదికి రూ. 2 లక్షల వరకు నగదురహిత చికిత్స లభించడంతో, అర్థింపు స్థానంలో అర్హత వచ్చింది.

ఈ పథకంలో ప్రతి చికిత్సకూ ముందే ధర నిర్ణయించి, అది పూర్తయ్యాక ఆసుపత్రికి ఆ మొత్తం చెల్లిస్తారు. ఇదే ప్యాకేజీ పద్ధతి. ఆద్యంతాలు గల చికిత్సకు ఇది చక్కగా కుదురుతుంది. మధుమేహం, అధిక రక్తపోటులకు అటువంటి అంతం లేదు. వీటితో జీవించే వృద్ధులకు నిత్యం మాత్రలు, క్రమంతప్పని పరీక్షలు, తెలిసిన వైద్యుని పర్యవేక్షణ అవసరం. ఇవి ప్రధానంగా ఓపీ సేవలు. ప్యాకేజీల పట్టికలో వీటికి చోటు స్వల్పం. అందువల్ల మధుమేహం ముదిరి మూత్రపిండాలు దెబ్బతిని డయాలసిస్ అవసరమైనప్పుడు పథకం ఆదుకుంటుంది. ఆ స్థితిని వాయిదా వేయగల మాత్రల ఖర్చు చాలావరకు కుటుంబం మీదే పడుతుంది.

ఈ లోటును పాలకులు గుర్తించలేదనడం సరికాదు. ఎంపిక చేసిన కొన్ని చికిత్సల తరువాత మందులకూ వైద్యసలహాకూ ప్రత్యేక ప్యాకేజీలు ఏర్పడ్డాయి. మరోవైపు 104 సంచార వాహనాలు నెలకొకసారి గ్రామాలకు వెళ్లి బీపీ, షుగరు మందులు పంపిణీ చేశాయి. అయితే ఆ సేవ ఆరోగ్యశ్రీకి వెలుపల నడిచింది. ఒకే రోగి మాత్రలు ఒక పద్దులోకి, ఆసుపత్రి బిల్లు మరో పద్దులోకి చేరాయి. మాత్రల వల్ల తప్పిన ఆసుపత్రి ఖర్చును లెక్కగట్టి ప్రతిఫలమిచ్చే ఏర్పాటు ప్యాకేజీ పద్ధతిలో లేదు.

2018 సెప్టెంబరు 23న మొదలైన ఆయుష్మాన్ భారత్ బీమా పథకం సైతం ఆసుపత్రిలో చేరికనే ఆధారం చేసుకుంది. డిశ్చార్జి తరువాత మందులు 15 రోజులకే పరిమితం. 2024 అక్టోబరులో 70 ఏళ్లు నిండిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ పథకం వర్తించింది. అర్హుల పరిధి పెరిగింది. చెల్లింపు ప్రమాణం మాత్రం అదే.

2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ రూ. 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ రూ. 25 లక్షలకు పెంచాయి. ఈ అంకెలు ఆపద వేళ లభించే రక్షణను సూచిస్తాయి. వృద్ధుల దీర్ఘవ్యాధి చికిత్సను అంచనా వేయడానికి మరో ప్రశ్న అవసరం: పథకం దేనికి డబ్బు చెల్లిస్తున్నది? ఆసుపత్రి మెట్లెక్కిన రోజుకా, ఎక్కకుండా గడిచిన సంవత్సరానికా? ఆరోగ్యపథకాల చరిత్రరచన పరిమితులతో పాటు ఈ చెల్లింపు ప్రమాణాన్నీ పరిశీలించవలసి ఉంది.