"ఒప్పుకోను" అంటే ఏ ఒప్పుకోను?

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను రాసిన ఒక మెయిలు మా టీములో చాన్నాళ్ళు జోకుగా తిరిగింది. ఆన్‌సైట్ వాళ్ళు ఇచ్చిన ఎస్టిమేట్ నాకు తక్కువ అనిపించింది. మనం తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో టైపు చేసే బాపతు కదా! "మీ ఎస్టిమేట్‌కి మేం ఒప్పుకోం" అనుకుని "వుయ్ రెఫ్యూజ్ యువర్ ఎస్టిమేట్" అని కొట్టేశాను. గంటలో మా మేనేజరుకి ఫోను. పని చెయ్యం అంటున్నారా ఏంటి అని అవతలి వాళ్ళు కంగారు పడ్డారు. నేను రాయాల్సింది "డిసగ్రీ".

తప్పు నాదే గానీ, మన భాష చేతివాటం కూడా కొంత ఉందండోయ్. "ఒప్పుకోను" అనే ఒక్క మాటతో మనం మూడు పనులు చేయించుకుంటాం. "నీ అభిప్రాయం ఒప్పుకోను" అంటే డిసగ్రీ. "ఆ పని చెయ్యడానికి ఒప్పుకోను" అంటే రెఫ్యూజ్. "నేను చేశానంటే ఒప్పుకోను" అంటే డినై. ఇంగ్లీషు వాడికి మూడు డబ్బాలు, మనకి ఒకటే డబ్బా. పైగా డిసగ్రీకి ముందు "యామ్" పెట్టకూడదు, మనిషితో అయితే "విత్", విషయం మీద అయితే "ఆన్" రావాలి. అంటే ఎవరితో, దేని మీద అన్నది చెప్తే గానీ ఆ వాక్యం పూర్తయినట్టు ఉండదు.

ఇదంతా గ్రామరు క్లాసు గొడవలే అనుకునేవాణ్ణి, కృష్ణా నీళ్ళ తగాదా గురించి చదివేదాకా. మాది బందరు కాలవ శివారు ఊరు కాబట్టి ఈ తగాదా మా ఇంట్లో అన్నంతో పాటు నడిచేది. కానీ మొత్తం చరిత్ర కూర్చుని చదివితే అందులో నాకు కనిపించింది ఈ మూడు క్రియలే.

మొదటిది రెఫ్యూజ్. 1951 జూలైలో ప్లానింగ్ కమిషన్ ఢిల్లీలో సమావేశం పెట్టి కృష్ణా నీళ్ళ పంపకం మీద ఒక ఒప్పందం తయారు చేసింది. మైసూరు దాన్ని ధ్రువీకరించలేదు. సంతకం పెట్టని వాడు ఒప్పుకున్నట్టా కాదా? అసలది చెల్లుతుందా? ఈ ప్రశ్న ఆ తర్వాత ఏళ్ళ తరబడి నలిగింది.

రెండోది డిసగ్రీ. 1969 ఏప్రిల్‌లో జస్టిస్ బచావత్ అధ్యక్షుడిగా ట్రిబ్యునల్ వేశారు. మహారాష్ట్ర, మైసూరు (తర్వాత కర్ణాటక), ఆంధ్రప్రదేశ్ అన్నిటి మీదా కొట్లాడుకున్నాయి. కానీ ఒక్క విషయం మీద మాత్రం ముగ్గురూ ఒప్పుకున్నారు. విజయవాడ వరకు నదిలో 75 శాతం నమ్మకంతో, అంటే నాలుగేళ్ళలో మూడేళ్ళు, దొరికే నీళ్ళు 2060 టీఎంసీలు అని. (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు.)

అది ఎలా సాధ్యమైందో చూడండి. 1852లో మొదలుపెట్టి 1855లో పూర్తి చేసిన బెజవాడ ఆనకట్ట దగ్గర నీటి లెక్కలు రాసే అలవాటు ఉంది. ట్రిబ్యునల్ ముందు 1894-95 నుంచి 1971-72 వరకు 78 ఏళ్ళ ప్రవాహాల లెక్క ఉంది. ఎవరో గుమాస్తాలు ఏళ్ళ తరబడి ఓపిగ్గా రాసిన అంకెలవి. మొత్తం ఎంత అన్న దాని మీద పేచీ లేదు కాబట్టి, ఎవరికెంత అన్న దాని మీద పద్ధతిగా పోట్లాడుకోగలిగారు. ట్రిబ్యునల్ తుది తీర్పులో మహారాష్ట్రకి 560, కర్ణాటకకి 700, ఆంధ్రప్రదేశ్‌కి 800 టీఎంసీలు వచ్చాయి. పొలాల నుంచి తిరిగి నదిలోకి వచ్చే నీళ్ళు కలిపితే మన వాటా 811. అందులో పాత ఆయకట్టుగా కృష్ణా డెల్టాకి 181.2.

మూడోది మన మీదకే వచ్చింది. 2060 దాటిన మిగులు నీళ్ళు వాడుకునే స్వేచ్ఛ కిందనున్న ఆంధ్రప్రదేశ్‌కి ఇచ్చారు, కానీ వాటి మీద హక్కు రాదన్నారు. వాడుకుంటే రెఫ్యూజ్ చెయ్యం, హక్కంటే మాత్రం డినై అన్నమాట. ఈ తేడా మనలో ఎంతమందికి ఎక్కిందో తెలీదు. 2004లో వేసిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 2010 డిసెంబరులో, 47 ఏళ్ళ లెక్క తీసుకుని, 65 శాతం నమ్మకం దగ్గర లెక్కకట్టి, ఆ మిగులు కూడా మూడు రాష్ట్రాలకీ పంచేసరికి గుండెల్లో రాయి పడింది. మన రాష్ట్రం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2011లో కోర్టు ఆ తీర్పుని గెజిట్‌లో వెయ్యకుండా ఆపింది.

2014లో రాష్ట్రం విడిపోయాక అదే 811ని 2015లో తాత్కాలికంగా ఆంధ్రకి 512, తెలంగాణకి 299 అని సర్దారు. తాత్కాలికం అంటే ఎన్నాళ్ళు అన్న దాని మీద మళ్ళీ డిసగ్రీ. 2023 అక్టోబరులో కేంద్రం అదే ట్రిబ్యునల్‌కి కొత్త విధివిధానాలిచ్చి, రెండు రాష్ట్రాల మధ్య పంపకం తేల్చమంది. రెండువైపులా నాకు స్నేహితులున్నారు. టీ తాగుతూ ఈ మాటెత్తితే పది నిమిషాల్లో గొంతులు లేస్తాయి. ఒకడు 1973 తీర్పు గురించి మాట్లాడుతుంటాడు, ఇంకొకడు 2015 సర్దుబాటు గురించి. ఇద్దరూ "ఒప్పుకోను" అనే అంటారు. దేనికో ఎవరూ చెప్పరు.

చిన్నప్పుడు ఒక ఎండాకాలం చివర, నారుమళ్ళకి నీళ్ళు రాక ఊళ్ళో వాళ్ళు పంచాయితీ నుంచి తిరిగొచ్చి, "పై ఊరోళ్ళు ఒప్పుకోట్లేదండీ" అన్నారు మా తాతయ్యతో. ఆయన చుట్ట పక్కన పెట్టి, "ఏది ఒప్పుకోరంట్రా? మనకి నీళ్ళు రాలేదంటే ఒప్పుకోరా, మన వంతుందంటే ఒప్పుకోరా, వాళ్ళ తూము దించమంటే ఒప్పుకోరా? అది కనుక్కు రండి ముందు" అన్నారు. వెళ్ళినవాళ్ళు మళ్ళీ వెళ్ళి కనుక్కొచ్చారు. వంతు సంగతి వాళ్ళకీ తెలుసుట, తూము దించడానికే రాజీ పడట్లేదుట. అంటే గొడవ సగం తేలినట్టే.

ఇంగ్లీషు ముక్క రాని మా తాతయ్య డిసగ్రీ, డినై, రెఫ్యూజ్‌ల తేడా ఒక్క తెలుగు మాటలోంచి విడదీశాడు. నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివిన నేను మెయిల్లో కలిపేశాను. ఇప్పుడు మీటింగులో ఎవరైనా "ఐ డిసగ్రీ" అంటే నేను "ఆన్ వాట్?" అని అడుగుతున్నాను. చాలామందికి చిరాకేస్తోంది. మీరూ ఈ టపాతో ఒప్పుకోకపోతే నాకేం ఇబ్బంది లేదు, ఏ "ఒప్పుకోను"నో మాత్రం చెప్పండి.