చీమ అనిపించుకొన్న విజేత

చక్కగా పాడగలవారందరూ పాట నేర్పలేరన్నది మనకు అనుభవంలో ఉన్న విషయమే. ఆటలలోనూ అంతే. మైదానంలో ప్రేక్షకులను ఉర్రూతలూగించిన ఫుట్‌బాల్ వీరులు పలువురు శిక్షకులైన పిదప రాణించలేదు. 2022 వరకు జరిగిన ప్రపంచ కప్పు పోటీలలో ఆటగాడుగానూ, శిక్షకుడుగానూ కప్పును గెలిచినవారు ముగ్గురే. జర్మనీ దేశీయుడు బెకెన్‌బవర్, ఫ్రాన్సు దేశీయుడు దెషాంప్ తరువాతివారు. ఆ దారి మొదట తొక్కినవాడు బ్రెజిల్ దేశీయుడైన మారియో జగాలో. ఆయన ఆడిన ఆటకూ, నేర్పిన ఆటకూ గల సంబంధాన్ని ఇక్కడ కొంత పరిశీలిద్దాము.

జగాలో 1931 ఆగస్టు 9న బ్రెజిల్ ఈశాన్య భాగంలోని అలగోవాస్ రాష్ట్రంలో జన్మించారు. ఆయన పసితనంలోనే కుటుంబం రియో డి జనీరో నగరానికి తరలివచ్చింది. 1950 జూలై 16న ఆ నగరంలోని మరకానా క్రీడాస్థలంలో ప్రపంచ కప్పును నిర్ణయించే ఆట జరిగింది. ఉరుగ్వేతో సరిసమానంగా నిలిచినా చాలు, కప్పు బ్రెజిల్‌కే దక్కుతుంది. సైనిక సేవలో ఉన్న పదునెనిమిదేండ్ల జగాలో ఆనాడు అక్కడ కావలి కాసిన సిపాయిలలో ఒకరు. మొదటి గోలు బ్రెజిల్‌దే అయినా, తుదకు 2–1 గోలులతో విజయం ఉరుగ్వేను వరించింది. రెండు లక్షలకు చేరువైన జనసమూహం ఒక్కసారిగా మూగవోవడం ఆయన కన్నులారా చూశారు. ఆ గాయాన్ని మాన్పే పనిలో తనకూ పాలుంటుందని ఆ యువకుడు అప్పుడు ఊహించి ఉండడు.

ఫ్లమెంగో క్లబ్బు తరఫున ఆడి 1953, 1954, 1955 సంవత్సరాలలో వరుసగా రియో రాష్ట్ర విజేత జట్టులో ఆయన స్థానం పొందారు. ఆయన ఆడినది లెఫ్ట్ అవుట్ స్థానంలో. ఆ స్థానంలోనివారు మైదానపు ఎడమ అంచున ముందు నిలిచి, బంతి అందగానే పరుగెత్తి, దానిని గోలు ముందరికి కొట్టడం ఆనాటి ఆనవాయితీ. బ్రెజిల్ జట్టు అప్పుడు వెనుక నలుగురిని, నడుమ ఇద్దరిని, ముందు నలుగురిని నిలిపి ఆడేది. దాడికి ఇది దివ్యమైన ఏర్పాటు. కాని బంతి ఎదుటివారి చేజిక్కినప్పుడు నడుమ ఉన్న ఇద్దరికీ ఊపిరి సలిపేది కాదు. ఆ లోటును పూడ్చినవారు జగాలో. బంతి పోగానే వెనుకకు పరుగెత్తి నడుమ మూడవవాడై నిలిచేవారు. బంతి రాగానే తిరిగి ముందుకు ఉరికేవారు. అలుపెరుగని ఈ రాకపోకలను చూచి జనం ఆయనను ముద్దుగా 'చిన్న చీమ' అన్నారు.

1958లో ఆ స్థానానికి బలమైన తన్ను గల పెపే పోటీలో ఉన్నాడు. పెపే గాయపడగా జగాలోకు అవకాశం వచ్చింది. జూన్ 29న స్వీడన్‌ను 5–2తో ఓడించిన చివరి ఆటలో నాలుగవ గోలు జగాలోదే. పెలే తలతో కొట్టిన అయిదవ గోలుకు బంతి అందించినదీ ఆయనే. 1962లో చిలీలో పెలే రెండవ ఆటలోనే గాయపడినా బ్రెజిల్ మరల గెలిచింది. అక్కడ కీర్తి గరించాకు దక్కింది. శ్రమలో పెద్ద పాలు జగాలోది.

1967లో ఆయన తాను ఆడిన బొటఫోగో క్లబ్బుకే శిక్షకులయ్యారు. 1970 మార్చిలో, ప్రపంచ కప్పుకు మూడు నెలలైనా లేనప్పుడు, సల్దాన్యాను తొలగించి జాతీయ జట్టును ఆయనకు అప్పగించారు. అర్హత పోటీలలో ఆరు ఆటలూ గెలిపించిన ఘనత సల్దాన్యాదేనని మనము మరువరాదు. జగాలో ఎదుర్కొన్న చిక్కు వేరు. ప్రతిభావంతులు పలువురు, వారికి తగిన స్థానాలు కొన్నే. పెలే, తోస్తావ్ ఒకే జట్టులో ఇమడరన్న సందేహమూ ఉండేది. జగాలో వారిద్దరినీ ఆడించారు. నడుమ ఆడే పియాజ్జాను వెనుక నిలిపారు. రివెలినోకు ఎడమ వైపు అప్పగించి, లోపలికి వచ్చి నడుమవారికి తోడుపడే స్వేచ్ఛనిచ్చారు. అంటే, ఒకనాడు తన కాళ్ళు చేసిన పనినే వేరొక విధంగా ఇంకొకరికి నేర్పారన్న మాట. మెక్సికోలో ఆరు ఆటలూ గెలిచి 19 గోలులు చేసిన ఆ జట్టు, జూన్ 21న ఇటలీని 4–1తో ఓడించి, మూడవ విజయంతో జూల్స్ రిమే కప్పును శాశ్వతంగా సొంతం చేసుకొన్నది.

అటుపిమ్మట అపజయాలు లేకపోలేదు. 1974లో హాలెండ్ చేతిలో ఓడి బ్రెజిల్ నాల్గవ స్థానంతో తిరిగివచ్చింది. 1998లో చివరి ఆట నాడు అస్వస్థుడైన రొనాల్డోను తుదకు ఆడించడం, ఫ్రాన్సు చేతిలో 0–3తో ఓడడం నేటికీ చర్చనీయాంశమే. శిక్షకుని పనిలోని కష్టం ఇక్కడే ఉన్నదని మేము తలుస్తాము. ఆటగాడు లోటు కనబడినచోటికి తానే పరుగెత్తగలడు. శిక్షకుడు గీత అవతల నిలిచి, ఇతరుల కాళ్ళనే నమ్ముకోవాలి.

ఈ రెండు ఘట్టాల నడుమ 1994 ఉన్నది. 1970 జట్టులో వ్యాయామ శిక్షణ సిబ్బందిలో ఉన్న పరేరా ఆనాటికి ప్రధాన శిక్షకుడు. కప్పు తెచ్చిన జగాలో తనకంటె చిన్నవాడైన అతని పక్కన సమన్వయకర్తగా నిలవడానికి సంకోచించలేదు. బ్రెజిల్ నాల్గవసారి గెలిచింది. వయసు అరువది దాటినా చీమ గుణం ఆయనను వీడలేదు.

1958 చివరి ఆట ఆడిన పదకొండుగురు బ్రెజిల్ వీరులలో కడపటివారుగా మిగిలిన జగాలో, 2024 జనవరి 5న తమ 92 ఏండ్ల వయసులో కన్నుమూశారు. పెలేవలె బంతిని ఆడించగలవారు అరుదు. పెలే ఆడడానికి చోటు కల్పించగలవారు అంతకంటె సులభంగా దొరకరు. జగాలో ఆ రెండవ కోవకు చెందినవారు.