వ్యాయామ యంత్రములు

ఆత్మకూరు మొదలగు మెట్టసీమ గ్రామములలో విఱిగిన చేతికి కట్టు కట్టినపిదప దానిని కదలింపకుండుటయే క్షేమమని పెద్దలు తలఁచుట కలదు. కట్టు విప్పునాఁటికి భుజము బిగిసి, ఆఁడువారికి జుట్టు ముడి వేసికొనుటయు కష్టమగును.

ఇట్టి బిగువును వదలించుటకు స్వీడనుదేశమున 1813లో లింగ్ స్థాపించిన వ్యాయామశాలవారు చేతులతోనే రోగి యవయవమును కదలించుచు, అడ్డగించుచు నుండెడివారు. చేతిబలము మనిషికొక తీరు గదా! అందుచే గుస్తావ్ జాండర్ అను వైద్యుఁడు 1865లో స్టాక్‌హోమునందు చేతికి మాఱుగా మీటను, దానిపై ముందువెనుకలకు జరుపఁదగిన బరువును అమర్చెను. బరువు జరిపినకొలఁది రోగిశ్రమ హెచ్చును, తగ్గును. శ్రమకు కొలత యేర్పడినది. మా దృష్టిలో అసలు ఘనత యిదియే. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనమున నీ యంత్రములు మెప్పు వడసినవి. అయినను అవి బీదలయిండ్లకు వచ్చునవి కావు.

రెండవ ప్రపంచయుద్ధమున మోకాళ్లు చెడిన సైనికులచేత అమెరికా వైద్యుఁడు డిలోర్మ్ ఇనుపబరువులను క్రమముగా హెచ్చించుచు నెత్తించి, ఆ పద్ధతిని 1945లో ప్రకటించెను. కొలత నిలిచినది, పెద్దయంత్రము అక్కఱలేకపోయినది.

బిగిసిన భుజమునకు నేఁడు ఆస్పత్రులలో వాడు సాధనమొకటి మన బావిగిలకయే. తలపై గిలక, దానిమీఁద త్రాడు. మంచిచేయి క్రిందికి లాఁగఁగా రెండవది మెల్లగా పైకి లేచును. ఎంతయెత్తు, ఎన్నిమాఱులు అనునది వైద్యుఁడు చూపినపిమ్మట వసారాదూలమునకు కట్టిన గిలక చాలును.